అట్లతద్దినాడు వచ్చిన డైనోసార్ పన్ను

పోయిన నెల ఏలూరులో, చాలాకాలంగా బాధపెడుతున్న దవడపన్నొకటి తీయించుకున్నాను. పళ్ళ డాక్టరు మా చిన్నబ్బాయికంటే చిన్నవాడు. తీసిన పన్నుని స్టీలు గిన్నెలో పెట్టి చూపించి, పారేయమంటారా అని మర్యాదకోసం అడిగాడు. నేను నోట్లో దూది ఉండగానే వద్దని చెయ్యి ఊపి, ఆ పన్నుని వేళ్ళతో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో తిప్పుతూ, ఏ వైపు ఎంత అరిగిందో, ఇన్నేళ్ళూ నేను ఏ పక్కన ఎక్కువ నమిలానో చూసుకోవడం మొదలుపెట్టాను. ఆ అబ్బాయి కంగారుగా మావారి వైపు చూశాడు. మావారు కూర్చున్న కుర్చీలోంచి కదలకుండా, "భయపడకండి డాక్టరుగారూ, మా ఆవిడకి పళ్ళు పోగుచేసే అలవాటుంది. మీవీ కాదు, నావీ కాదు, డైనోసార్లవి" అన్నారు. దాంతో అతని భయం తగ్గలేదు సరికదా, మర్నాడు ఫోన్ చేసి వాపు తగ్గిందా అని నన్ను కాక మావారిని అడిగాడు.

అలవాటు మాట నిజమే. తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల బీరువా ఉంది. అందులో వెండి సామాను లేదు, కొండపల్లి బొమ్మలు లేవు. దూది పరిచిన చిన్న చిన్న సీసాల్లో, కోట్ల ఏళ్ళ కిందట ఈ నేలమీద తిరిగిన జంతువుల పళ్ళు ఉన్నాయి. కొన్ని కత్తిలా వంగి ఉంటాయి, అంచుమీద గోరు పెట్టి లాగితే రంపంలా గరగరమంటాయి, అవి మాంసం తిన్నవాటివి. కొన్ని పెన్సిలు ముక్కల్లా ఉంటాయి, అవి ఆకులు మేసినవాటివి. నల్లవీ ఉన్నాయి, తేనెరంగువీ ఉన్నాయి, ఇటుకరంగువీ ఉన్నాయి. ఆ రంగు జంతువుని బట్టి వచ్చింది కాదు, అది పడుకున్న మట్టిని బట్టి వచ్చింది. ఇవాళ మూడేళ్ళ పిల్లలు కూడా డైనోసార్ల పేర్లు గుక్కతిప్పుకోకుండా చెబుతున్నారు గానీ, మన చిన్నతనంలో ఆ మాట ఎవరికి తెలుసు చెప్పండి. స్కూలు పుస్తకంలో ఏ మూలో రాక్షసబల్లి అని ఉంటే, పురాణాల్లో రాక్షసుల పక్కన దానికీ ఒక చోటిచ్చి మరిచిపోయినవాళ్ళమే మనమంతా.

నేను పుట్టి పెరిగింది ఏలూరులో. నాన్నగారికి బట్టల కొట్టు. ఆడపిల్లని విశాఖపట్నం పంపి చదివించడమే ఎక్కువనుకునే మా బంధువులకి, నేను చదువుతున్నది రాళ్ళ గురించి అని తెలిశాక అనడానికి మాటలు మిగల్లేదు. మా పెదనాన్న ఒక్కరే, పోనీలే, రాయైతే పురుగుపట్టే సరుకు కాదు అన్నారు. వ్యాపారస్తుల ఇళ్ళలో మెప్పు ఆ తీరుగానే ఉంటుంది.

చదువు ఆఖరి ఏడాది మమ్మల్ని ఆదిలాబాదు వైపు, ప్రాణహిత గోదావరిలో కలిసే ప్రాంతానికి తీసుకెళ్ళారు. అంతకుముందురోజు పెద్దవాన కురిసింది. ఎర్రమట్టి గట్టుమీద వాన కోసిన చిన్న గాడిలో, చుట్టూ ఉన్న మట్టికంటే కాస్త మెరుస్తూ ఒక ముక్క కనిపించింది. తీసి కొంగుతో తుడిస్తే చెంచా ఆకారంలో ఉన్న పన్ను, సగం విరిగిపోయింది. మా గురువుగారు దాన్ని చాలాసేపు చూసి, ఆకులు మేసే పెద్ద డైనోసార్‌దని చెప్పి, అంతకంటే మంచివి కాలేజీలో ఉన్నాయి కనక నన్నే ఉంచుకోమన్నారు. ఆ సాయంత్రం గోదావరి ఒడ్డున కూర్చుని, మా ఏలూరు కాలువలోకి వచ్చే నీళ్ళు ఈ గట్ల పక్కనుంచే కదా వస్తున్నాయి అనుకున్నాను. మెడలో బంగారపు గొలుసు వేసినప్పుడు కూడా నాకు అంత గర్వం కలగలేదు.

పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చేనాటికి అలాంటివి నాలుగైదు, హోమియోపతీ మందు సీసాల్లో, చీరల మడతల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. మా అత్తగారిది గొప్ప ఆచారం. మనిషి చెడ్డది కాదు, కడుపు నిండా అన్నం పెట్టే ఇల్లాలు, కానీ మడీ, ఎంగిలీ, అంటుముట్టూ, వీటిలో ఆవిడకి తెలియని సూక్ష్మం లేదు. కాపరానికి వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం, చేతిలో ఉన్న ముక్క శిలాజమో ఉత్త రాయో తేల్చుకోవడానికి, వంటింటి గుమ్మంలో నిలబడి దాన్ని నాలిక చివర ఆనించాను. మాకు కాలేజీలో నేర్పిన పద్ధతే అది. పాత ఎముకకి కంటికి కనపడని రంధ్రాలుంటాయి కనక నాలికకి అతుక్కుంటుంది, మామూలు రాయి అతుక్కోదు. సరిగ్గా అప్పుడే అత్తగారు లోపలినుంచి చూశారు. ఏమిటది అని అడిగితే నేను దాచకుండా చెప్పాను. ఆ పూట వండినదంతా ఆవు కుడితిలోకి వెళ్ళింది. వంటిల్లు కడిగారు, నన్ను తలమీద నీళ్ళు పోసుకోమన్నారు. పోసుకున్నాను గానీ, సీసాని మాత్రం నూతిగట్టుమీద నా కళ్ళెదురుగానే పెట్టుకుని పోసుకున్నాను.

మావారిది టోకు వ్యాపారం. దీపావళి ముందు వేరుశనగ గుళ్ళకి గుజరాత్, రథసప్తమి వేళకి కందుల కోసం నాగపూర్ అవతలి ఊళ్ళు, ఎండలు మొదలయ్యాక వెల్లుల్లికి మధ్యప్రదేశ్, ఇలా ఏటా తిరిగేవారు. నేను ఏమీ అడగలేదు. ఒకరోజు ఆయనే భోంచేస్తూ, నీ రాళ్ళలాంటివి నేను వెళ్ళే చోట్ల ఏమైనా ఉంటాయా అన్నారు. నేను మ్యాపు తెచ్చి పీట పక్కన పరిచాను. చిత్రమేమిటంటే ఆయన సరుకు దొరికే మూడు ప్రాంతాల్లోనూ, బస్సు ఎక్కితే పూటలో చేరే దూరంలో నా సరుకు కూడా ఉంది. మొదటిసారి ఆయన జేబురుమాలులో మూటకట్టి ఎంతో జాగ్రత్తగా తెచ్చింది మొసలి పన్ను. మొసలిదండీ అని చెప్పేశాను. ఆయన నొచ్చుకోలేదు. గుండ్రంగా ఉంటే మొసలిది, అదిమినట్టు పలచగా ఉండి అంచుకి రంపం ఉంటే డైనోసార్‌ది అని, కందుల నాణ్యం తెలుసుకున్నట్టే కూర్చుని తెలుసుకున్నారు. ఆ తరవాత మళ్ళీ మోసపోలేదు. పొలం దున్నుతుంటే దొరికినవాటిని ఆటకి పిల్లల చేతికిచ్చే రైతులుండేవారట ఆ ఊళ్ళలో. ఒక ఇంట్లో మసాలా నూరుతున్న గుండ్రాయి డైనోసార్ గుడ్డేనని ఆయనకి ఇప్పటికీ గట్టి అనుమానం.

ప్రతి సీసాలోనూ ఒక కాగితం చీటీమీద, ఆ పన్ను ఎక్కడ, ఏ మట్టిలో దొరికిందో రాసి పెట్టేదాన్ని. ఎక్కడిదో తెలియని పన్ను ఊరూ పేరూ చెప్పలేని మనిషిలాంటిది, చూడటానికి బాగుండవచ్చు గానీ దాన్నుంచి తెలుసుకునేది ఏమీ ఉండదు. అత్తగారు మాత్రం ఒక్కో పన్నుకీ ఒక్కో గొడవ పెట్టేవారు. మావారు సంచి దించడం, మళ్ళీ తెచ్చావా అని ఆవిడ అడగడం, ఆయన నవ్వి ఊరుకోవడం, ఆవిడ విసవిసా దేవుడి గదిలోకి వెళ్ళి మా ఇద్దరి మీదా స్వామికి చెప్పుకోవడం మా ఇంట్లో మామూలైపోయింది. ఈలోగా నాకు ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే పాసింజరు ఎక్కి ఉంగుటూరు, చేబ్రోలు, పూళ్ళ, భీమడోలు దాటుకుంటూ వెళ్ళేదాన్ని. కొత్తగా వచ్చిన పన్నుని బండిలోనే భూతద్దంతో చూసుకుంటుంటే, రోజూ ఎక్కే ఆడవాళ్ళు ఒకరి తరవాత ఒకరు అడిగి చూసేవారు. చేబ్రోలులో బయల్దేరిన పన్ను పెట్టె చివరిదాకా వెళ్ళి భీమడోలు వచ్చేసరికి నా దగ్గరికి తిరిగొచ్చేది. ఎవరూ అసహ్యించుకోలేదు. ఒకావిడ కళ్ళకద్దుకుని మరీ ఇచ్చింది.

అలా కొన్నేళ్ళు గడిచాక మావగారు కొట్టు మెట్లమీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. పెద్దాయన, మంచంమీద కదల్లేకుండా పడుకుంటే ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంది. చూడటానికి వచ్చిన దూరపు బంధువొకావిడ, మా గది అలమరలో ఉన్న సీసాల వైపు చూసి, ఇంట్లో ఎముకలు పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళ ఎముకలు విరగవా అంది. మర్నాడు అత్తగారు నన్ను పెరట్లోకి పిలిచి, అవి ఇంక ఈ ఇంట్లో ఉండటానికి వీల్లేదని నెమ్మదిగానే చెప్పారు. అవి ఎముకలు కావు, ఎప్పుడో రాళ్ళయిపోయాయని నేనన్నాను. రాళ్ళయితే వచ్చినవాళ్ళందరికీ ఫలానా జంతువు పళ్ళని ఎందుకు చెబుతున్నావని ఆవిడ అడిగారు. అప్పుడు నాకు కోపంలో ఒక మాట వచ్చింది.

"మీరు రోజూ పూజ చేసే సాలగ్రామం కూడా ఒకప్పుడు సముద్రంలో తిరిగిన జీవేనండి అత్తయ్యగారూ. అదీ ఇలా రాయైనదే."

ఆవిడ కోప్పడలేదు.

"అయ్యుండొచ్చమ్మా. కానీ అది దేవుడై ఇంటికొచ్చింది. నీవి కోరలై వచ్చాయి."

తండ్రి మంచానికీ నా అలమరకీ మధ్య మావారు నలిగిపోతున్నారని చూసి, సీసాలన్నీ నేనే ట్రంకుపెట్టెలో సర్ది, మండవల్లిలో ఉన్న మా మేనమామ దగ్గరికి పంపించాను. ఆయనకి కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులవాళ్ళకి మేతగా వేసే తవుడూ, నూనెగింజల చెక్కా అమ్మే వ్యాపారం. పెట్టెని గోడౌనులో ఎత్తుగా ఒక చెక్కబల్లమీద పెట్టించి, నీ పళ్ళకి నాది పూచీ అని కబురు చేశారు.

మావగారు కొన్ని నెలలకి చేతికర్రతో లేచి నడిచారు. పళ్ళు ఇల్లు వదిలాయి కనకే నడిచారని అత్తగారి నమ్మకం. డాక్టరు వైద్యం మంచిదని నా నమ్మకం. ఒకే వంటింట్లో, ఒకరి నమ్మకాన్ని ఒకరం ముట్టుకోకుండా తిరిగాం. వీలు చిక్కినప్పుడల్లా నేను మండవల్లి వెళ్ళి, పెట్టె తెరిచి, సీసాలు తుడిచి వచ్చేదాన్ని. మావారు కొత్తవి తేవడం మానేశారు. చోటు మారిందే తప్ప పోగుచెయ్యడం ఆగలేదని నాకు నేను చెప్పుకునేదాన్ని గానీ, తాళం వేసి తిరిగి బస్సెక్కుతుంటే నన్నే పుట్టింట్లో వదిలేసి వస్తున్నట్టుండేది.

ఆ మరుసటి వానాకాలం కొల్లేరు పొంగింది. పైనుంచి బుడమేరూ, తమ్మిలేరూ తెచ్చి పోసిన నీళ్ళని ఉప్పుటేరు సముద్రంలోకి తియ్యలేకపోయింది. నీళ్ళు వెనక్కి తన్ని చెరువు గట్లనీ రోడ్లనీ కలిపేశాయి. మేనమామ ఇంట్లో మోకాలిలోతు, గోడౌనులో నడుంలోతు నిలబడ్డాయి. తవుడు బస్తాలు ఉబ్బి, పగిలి, బల్లమీదికి ఒరిగితే బల్ల కూలి పెట్టె నీళ్ళలో పడిపోయింది. నీళ్ళు తీశాయని తెలిశాక మావారూ నేనూ బయల్దేరాం. అత్తగారు కూడా వచ్చారు. ముంపులో ఉన్న వియ్యాలవారిని పలకరించకపోవడం ఆవిడ పద్ధతి కాదు. పెద్దగిన్నె నిండా పులిహోరా, ఉతికిన చీరలూ తన చేత్తోనే మోసుకొచ్చారు.

తవుడు పులిసిన వాసన ఊరి మొదట్లోకే వచ్చింది. గోడౌను నేలమీద చీలమండలు దిగబడే బురద. పెట్టె మూత ఊడి ఒక మూల పడి ఉంది. కొన్ని సీసాలు బిరడాలతోనే దొరికాయి, కొన్ని పగిలాయి, పళ్ళు కొన్ని బురదలోనే ఉన్నాయి. నేను చీర ఎగ్గట్టి, వంటింట్లోంచి పిండి జల్లెడ అడిగి తెచ్చుకుని, దోసెడు దోసెడు బురద వేసి నీళ్ళతో కడుగుతూ కూర్చున్నాను. ఏడుస్తున్నానన్న సంగతి అత్తగారు వచ్చి నా ఎదురుగా నిలబడేదాకా నాకే తెలియలేదు. ఆవిడ కొంగు నడుంలో దోపుకుని, పీట వేసుకుని కూర్చుని, బురదలో చెయ్యి పెట్టి, తేనెరంగు పన్నొకటి తీసి నా జల్లెడలో వేశారు. గుమ్మంలో ఉన్న మావారు అక్కడే నిలబడిపోయారు. ఒక్క ముక్క నాలికకి ఆనించినందుకు వంటిల్లంతా కడిగించిన మనిషి ఆవిడ.

"మీరు ముట్టుకుంటున్నారేమిటండీ" అన్నాను.

"ఇన్నాళ్ళు కొల్లేట్లో నానాక ఇంకా మైల ఎక్కడుంటుంది" అన్నారు, తలెత్తకుండా.

పొద్దుగూకేలోగా చాలావరకు దొరికాయి. ప్రాణహిత గట్టున నాకు దొరికిన ఆ సగం పన్ను మాత్రం దొరకలేదు. కొల్లేటి మట్టి నిన్నమొన్నటిది, అందులో డైనోసార్ ఉండే వీలే లేదు. ఏ కాలంలోనో ఏ చదువుకున్నవాడికో అది అక్కడ దొరికితే అతను పడే అవస్థ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

పెట్టె ఇంటికే రానివ్వమని అత్తగారే అన్నారు. మర్నాడు వసారాలో పాత చీర పరిచి పళ్ళన్నీ ఆరబెట్టాను. చూస్తే, చీటీలన్నీ గుజ్జయిపోయాయి. ఒక్క అక్షరం మిగల్లేదు. నేనే ఏరుకున్నవి నాకు తెలుసు. మావారు తెచ్చినవే ఎక్కువ, వాటిలో సగానికి పైగా ఒకదాన్ని పోలి ఒకటి ఉన్నాయి. ఆయన ఒక్కోటీ చేతిలోకి తీసుకుని, ఇది గుజరాతేమో, కాదు కందులకి వెళ్ళినప్పటిదేమో అని పెట్టేస్తున్నారు. ఊహించి రాసే చీటీ అసలు లేని చీటీకంటే చెడ్డది. ఇంతటితో నా సేకరణ అయిపోయిందని, ఇవి ఇక నిజంగానే రాళ్ళని ఆయనతో అన్నాను.

స్తంభానికి ఆనుకుని వత్తులు చేసుకుంటున్న అత్తగారు అప్పుడు మాట్లాడారు.

"ఆ నల్లది అట్లతద్దినాడు వచ్చింది."

మేమిద్దరం ఆవిడ వైపు తిరిగాం. ఆవిడ వత్తి చేస్తూనే ఉన్నారు. నేను అట్లకి పిండి రుబ్బుతుంటే వీడు సంచి దించాడు, నేను కోపంలో ఉప్పు రెండుసార్లు వేశాను, ఆ యేడు వాయనం అట్లు ఎవరూ తినలేదు అన్నారు. మావారు నెమ్మదిగా, అట్లతద్దంటే వేరుశనగ, వేరుశనగంటే గుజరాత్ అన్నారు. నేను భూతద్దం తీసి చూశాను. పన్ను వేరు దగ్గర, గాడిలో ఇరుక్కుని, గుజరాత్ వైపు ఉండే గట్టి తెల్లసున్నపురాయి పిసరంత ఉంది.

ఆ తరవాత ఒక్కోటీ ఆవిడ ముందు పెట్టాను. ఇది రథసప్తమిది, చిక్కుడాకులో పరమాన్నం పెడుతుంటే వచ్చింది అంటే అది కందుల ప్రయాణం. ఇది శ్రీరామనవమి పానకం కలుపుతుంటే వచ్చింది అంటే అది వెల్లుల్లి ప్రయాణం. పండగ ఆవిడ చెబుతుంటే ఊరు మావారు చెప్పారు, మట్టి నేను సరిచూశాను. కొన్నింటికి ఆవిడ గుర్తులేదనే చెప్పారు, ఊరికే ఊహించి చెప్పలేదు. వాటిని నేను విడిగా పెట్టేశాను. మధ్యాహ్నం భోజనాలు ఎప్పుడో దాటిపోయాయని మావగారు లోపల్నుంచి కర్రతో గచ్చుమీద కొట్టి గుర్తు చేశారు.

ఇవన్నీ ఎలా గుర్తున్నాయండీ అని అడిగాను.

"కోపం వచ్చిన రోజు ఎవరైనా మరిచిపోతారా అమ్మాయ్" అన్నారు ఆవిడ.

కొత్త చీటీలమీద రెండు వరుసలు రాశాను. మొదటి వరుసలో ఊరూ, మట్టీ. రెండో వరుసలో అత్తగారు చెప్పింది చెప్పినట్టు: అట్లకి ఉప్పెక్కువైన రోజు, పరమాన్నం పొంగిన రోజు, పానకం ఒలికిన రోజు. ముందుగదిలో ఇత్తడి సామాను ఉండే అద్దాల బీరువా ఆవిడే ఖాళీ చేయించి ఇచ్చారు, ఇంకెప్పుడూ నాలికకి ఆనించనన్న ఒక్క షరతు మీద. మావారు మళ్ళీ తేవడం మొదలుపెట్టారు. ఆవిడ గొడవ పెట్టడం మానలేదు గానీ, గొడవ అయ్యాక, రాసుకో, ఇవాళ ఫలానా అని తనే చెప్పేవారు. ఇంటికొచ్చిన పేరంటాళ్ళని, మా కోడలి పళ్ళు చూద్దురుగాని రండి అని ముందుగదిలోకి తీసుకెళ్ళేవారు. కొత్తవాళ్ళు నా నోటికేసి చూసేవారు. ఒకసారి పరిశోధన చేసేవారొకరు ఎక్కడినుంచో వచ్చి, అన్నిటికీ ఫొటోలు తీసుకుని, మీ మొదటి వరుసంత నమ్మకమైన చీటీలు పెద్ద పెద్ద చోట్ల కూడా చూడలేదని మెచ్చుకుని, రెండో వరుసకి అర్థమేమిటని అడిగారు. అది మా అత్తగారి శాస్త్రమని చెప్పాను.

ఇప్పుడు ఆవిడా లేరు, మావగారూ లేరు. మావారు వ్యాపారం మానేశారు. అప్పట్లో రైతులు పిల్లల చేతికిచ్చిన గట్ల చుట్టూ ఇప్పుడు కంచెలు వేశారు, ఎవరుపడితే వాళ్ళు ఏరుకోవడానికి లేదు. అది మంచిదే, మన కాలంలో లేకపోవడమే పొరపాటు. బంధువుల పిల్లలు ఫోన్లో అమ్మకానికొచ్చిన పళ్ళ ఫొటోలు పంపించి, ఇది అసలుదేనా అత్తయ్యా అని అడుగుతుంటారు. చూడగానే చెప్పేస్తాను, చాలావరకు అచ్చులో పోసినవే. ఆ చూపు నాకింకా తగ్గలేదు.

ఈమధ్య నాతో చదువుకున్న స్నేహితురాలు విశాఖలో చిన్న ఇంటికి మారుతూ, తను దాచుకున్న పాత పన్నొకటి కొరియర్లో నాకు పంపింది. నల్లటి మెరుపు, అంచున ఒక్క పన్నైనా విరగని రంపం, నా బీరువాలో అంత చక్కనిది లేదు. సీసా తీసుకుని చీటీ రాయడానికి కూర్చున్నాను. తను పంపిన వివరం చూసి మొదటి వరుస రాశాను. రెండో వరుస దగ్గర ఆగి, ఏవండీ, ఇది వచ్చింది ఏ రోజండీ అని మావారిని అడిగాను. ఆయన ఫోన్ చూసి తేదీ చెప్పారు. ఆ రోజు ఏం వండుకున్నామో, ఏ పండగ ముందో, ఏ పండగ వెనకో ఆయనకీ తెలియలేదు, నాకూ గుర్తు రాలేదు. కోపం తెచ్చుకునే వాళ్ళెవరూ ఇంట్లో లేరు మరి. ఆ వరుస అలాగే వదిలి, సీసా మూత పెట్టి, బీరువాలో పెట్టాను.